‘గివ్ అప్’ - తెలుగు సమానార్థకాలు, అర్థచ్ఛాయలు: ఖమ్మం ప్రాంత ప్రయోగాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆంగ్లంలో అతి సామాన్యంగా వినిపించే పదబంధ క్రియల్లో ‘గివ్ అప్’ ఒకటి. అలవాటు మానుకోవడం, ప్రయత్నం విరమించడం, హక్కు వదులుకోవడం, శత్రువుకు లొంగిపోవడం, మనిషిని పట్టివ్వడం, ఆశ వదులుకోవడం వంటి భిన్నార్థాలను ఈ ఒక్క పదబంధమే మోస్తుంది. తెలుగులో ఈ అర్థాలకు వేర్వేరు ధాతువులు, వాటికి తోడయ్యే అనుప్రయుక్త క్రియలు ఉన్నాయి. వీటిని కేవలం పర్యాయపదాలుగా వరుసపెట్టడం వల్ల, ఆ పనిలో ఎవరి ఇష్టం ఉంది, ఎవరికి నష్టం కలిగింది, తిరిగి పొందే వీలుందా అనే మూడు విషయాలు మరుగున పడుతున్నాయి. కుసుమంచి మొదలు భద్రాచలం అటవీ సరిహద్దు వరకు విస్తరించిన ఖమ్మం ప్రాంతపు చరిత్ర, వాడుక, పత్రికాభాషల నుంచి ఉదాహరణలు తీసుకొని ఈ అర్థభేదాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: పదబంధ క్రియ, పర్యాయపదం, అర్థచ్ఛాయ, అనుప్రయుక్త క్రియ, అనువాదం, నిఘంటువు, ఖమ్మం.

1. ఉపోద్ఘాతం:

2009 నవంబరు 29న తెలంగాణ రాష్ట్ర సాధన కోసం ఆమరణ నిరాహారదీక్షకు బయలుదేరిన కె. చంద్రశేఖరరావును కరీంనగర్ సమీపంలో అరెస్టు చేసి ఖమ్మం జైలుకు తరలించారు. మరునాడు ఆయన పండ్లరసం తీసుకున్న దృశ్యాలు టెలివిజన్‌లో ప్రసారమయ్యాయి. దీక్ష ‘విరమించారు’ అన్న వార్త వెలువడింది. విద్యార్థులు ఆగ్రహంతో వీధుల్లోకి వచ్చారు. దీక్ష కొనసాగుతోందని ఆ తరువాత ప్రకటన వచ్చింది. డిసెంబరు 9న కేంద్ర ప్రభుత్వ ప్రకటనతో ఆ దీక్ష ముగిసింది.

ఆంగ్లంలో ఈ వార్తను చెప్పదలచిన వారికి ‘గేవ్ అప్ ద ఫాస్ట్’ అనే మాట సరిపోతుంది. తెలుగులో మాత్రం కనీసం నాలుగు వాక్యాలకు అవకాశం ఉంది: ‘దీక్ష విరమించారు’, ‘దీక్ష విరమింపజేశారు’, ‘దీక్ష భగ్నం చేశారు’, ‘దీక్ష మానేశారు’. మొదటి వాక్యంలో నిర్ణయం దీక్షాపరుడిది. రెండవ వాక్యంలో ప్రేరణ ఇతరులది. మూడవ వాక్యంలో ఇతరుల బలప్రయోగం ఉంది. నాలుగవ వాక్యంలో దీక్ష పట్ల చులకన ధ్వనిస్తుంది. ఆనాడు ఖమ్మంలో జరిగిన సంఘటన ఈ నాలుగింటిలో ఏ వాక్యానికి చెందుతుందన్నదే వివాదానికి మూలమైంది. ఒక క్రియారూపం ఎంపిక మీద ఒక ఉద్యమం విశ్వసనీయత ఆధారపడిన సందర్భమది.

ఈ దృష్టితో చూసినప్పుడు పర్యాయపదాల చర్చ పరీక్షల్లో మార్కులకోసం వల్లించే జాబితాలకు పరిమితమైనది కాదని స్పష్టమవుతుంది. అనువాదం, పత్రికారచన, పాలనాభాష, చరిత్రరచన - ఈ నాలుగు రంగాల్లోనూ ఈ చర్చకు ప్రయోజనం ఉంది.

2. ఆంగ్ల పదబంధ క్రియ స్వభావం:

‘గివ్’ అంటే ఇవ్వడం, ‘అప్’ అంటే పైకి. ఈ రెండు మాటల అర్థాలను కలిపినంత మాత్రాన పదబంధం అర్థం సిద్ధించదు. ఆంగ్లంలో ‘అప్’ అనే అవ్యయం అనేక క్రియల తరువాత చేరి పని పూర్తి కావడాన్ని సూచిస్తుంది. తినే పని పూర్తయితే ‘ఈట్ అప్’, తాగే పని పూర్తయితే ‘డ్రింక్ అప్’ అంటారు. ‘గివ్ అప్’లో కూడా ఈ సంపూర్తి భావమే ఉంది. ఉన్నదాన్ని మిగలకుండా ఇచ్చివేయడం అనే మూలభావం నుంచి విడిచిపెట్టడం, మానడం, లొంగడం అనే అర్థాలు విస్తరించాయని భావించవచ్చు.

ఆంగ్లంలో దీనికి సమీపార్థకాలుగా క్విట్, రెలింక్విష్, సరెండర్, రినౌన్స్, అబాండన్, యీల్డ్ వంటి క్రియలున్నాయి. వీటిలో అధికభాగం లాటిన్, ఫ్రెంచి మార్గాల్లో ఆంగ్లంలోకి వచ్చిన మాటలు. దస్తావేజుల్లో ‘రెలింక్విష్’ అని రాసే వ్యక్తి ఇంట్లో ‘గివ్ అప్’ అంటాడు. ఈ స్థాయీభేదం తెలుగులోనూ ఉంది. త్యజించు, పరిత్యజించు, విసర్జించు, సమర్పించు అనే సంస్కృత జన్య క్రియలు గ్రంథస్థ, ఔపచారిక సందర్భాలకు చెందుతాయి. విడుచు, వదులు, మాను అనే దేశ్య క్రియలు నిత్యవ్యవహారానికి చెందుతాయి. ‘సన్యాసి సంసారాన్ని త్యజించాడు’ అన్న వాక్యంలోని క్రియను ‘అతడు బీడీలు త్యజించాడు’ అని వాడితే హాస్యం పుడుతుంది. అర్థం ఒకటే అయినా స్థాయి కుదరకపోవడమే ఇందుకు కారణం.

అయితే రెండు భాషలకూ మధ్య ఒక ముఖ్యమైన భేదం ఉంది. ఆంగ్ల పదబంధం తన అర్థాన్ని కర్మపదం నుంచి, సందర్భం నుంచి గ్రహిస్తుంది. తెలుగు క్రియ ఆ అర్థంలో చాలా భాగాన్ని తన రూపంలోనే ప్రకటిస్తుంది. అందువల్ల ఆంగ్ల రచయిత చెప్పకుండా దాటవేయగల విషయాన్ని తెలుగు అనువాదకుడు ఏదో ఒక విధంగా తేల్చి చెప్పవలసి వస్తుంది.

3. పర్యాయపద జాబితాల పరిమితి:

తెలుగు నిఘంటు నిర్మాణానికి ఘనమైన చరిత్ర ఉంది. 19వ శతాబ్దిలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ నిఘంటువులు, అనంతర కాలంలో శంకరనారాయణ ఆంగ్ల-తెలుగు నిఘంటువు, 1991లో వెలువడిన గ్విన్ తెలుగు-ఆంగ్ల నిఘంటువు ఈ మార్గంలో మైలురాళ్లు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశం, మాటను అది పుట్టిన పనితో, పలికే ప్రాంతంతో ముడిపెట్టి చూడాలనే పద్ధతిని తెలుగుకు అందించింది.

ఆ పద్ధతి క్రియల విషయంలో ఇంకా తగినంతగా విస్తరించలేదు. విద్యార్థులకోసం, పోటీపరీక్షలకోసం తయారయ్యే ద్విభాషా జాబితాల్లో ఒక ఆంగ్ల పదబంధానికి ఎదురుగా నాలుగైదు తెలుగు క్రియలను కామాలతో వేరుచేసి ఇవ్వడం సాధారణం. ‘గివ్ అప్: వదిలిపెట్టు, మానుకొను, లొంగిపోవు, అప్పగించు’ అన్న తరహా ఆరోపాన్ని ఉదాహరణగా ఊహించుకుంటే ఇబ్బంది అర్థమవుతుంది. ఈ నాలుగింటిలో ఏది ఎక్కడ వాడాలో జాబితా చెప్పదు. గ్రామస్థులు దొంగను పోలీసులకు ‘గివ్ అప్’ చేశారన్న వాక్యాన్ని అనువదించే విద్యార్థి జాబితాలోని మొదటి మాటను తీసుకుంటే, ‘గ్రామస్థులు దొంగను వదిలిపెట్టారు’ అని రాస్తాడు. అసలు వాక్యం దొంగ పట్టుబడ్డాడని చెబుతుంది. అనువాదం దొంగ తప్పించుకున్నాడని చెబుతుంది. ఇక్కడ కావలసిన మాట ‘పట్టిచ్చారు’ లేదా ‘అప్పగించారు’. పర్యాయపదాలుగా ఒకే వరుసలో నిలిచిన మాటలు ఒక వాక్యంలో వ్యతిరేకార్థకాలుగా మారడం ఆ జాబితా పద్ధతి లోపాన్ని బయటపెడుతుంది.

4. ధాతువుల స్థాయిలో అర్థభేదం:

4.1 వదులు: ఈ ధాతువుకు మూలభావం పట్టు సడలడం. బిగుతుగా లేని చొక్కాను ‘వదులుగా ఉంది’ అంటారు. నాగార్జునసాగర్ ఎడమ కాలువపై ఉన్న పాలేరు జలాశయం కుసుమంచి మండల పరిధిలోనిదే. ఈ ఆయకట్టు రైతుల నోట ‘నీళ్లు వదిలారా?’ అన్న ప్రశ్న ప్రతి పంటకాలంలోనూ వినిపించేదే. ఇక్కడ వదలడం అంటే ఆపి ఉంచినదాన్ని పారనివ్వడం. ఇందులో త్యాగం లేదు, ఓటమి లేదు. నిజానికి రైతుకు ఇది శుభవార్త. ఇదే ధాతువుకు ‘కొను’ చేరి ‘నీళ్లొదులుకొను’ అయినప్పుడు అర్థం తలకిందులవుతుంది. ‘ఆ బాకీకి నీళ్లొదులుకోవలసిందే’ అంటే ఇక రాదని నిశ్చయించుకోవడం. పితృకార్యంలో నువ్వులు, నీళ్లు వదిలే ఆచారం ఈ జాతీయం వెనుక ఉంది. పోయిన సొమ్మును పోయిన మనిషితో సమానం చేసి చెప్పడం ఇందులోని స్వారస్యం. ‘తిలోదకాలిచ్చు’ అన్న గ్రాంథిక రూపం కూడా ఇదే భావాన్ని చెబుతుంది.

4.2 విడుచు: వదులు, విడుచు అనేవి చాలా సందర్భాల్లో ఒకదాని బదులు ఒకటి వస్తాయి. కానీ విడుచులో ‘వేరుకావడం’ అనే భావం ప్రధానం. విడిపోవు, విడివిడిగా, విడాకులు అనే మాటలు ఈ భావాన్నే పోషిస్తాయి. అందువల్ల మనుషుల మధ్య బంధాలకు విడుచు ఎక్కువగా వర్తిస్తుంది. తెలంగాణ వ్యవహారంలో ‘పెండ్లాన్ని ఇడిసిపెట్టిండు’ అన్న వాక్యంలో నిర్ణయం, నింద రెండూ భర్తవే. ‘భార్యను వదులుకున్నాడు’ అన్నప్పుడు విలువైనది పోగొట్టుకున్నాడన్న జాలి గాని, ఎత్తిపొడుపు గాని తోడవుతుంది. ‘భార్యను పోగొట్టుకున్నాడు’ అంటే ఆమె మరణించిందని అర్థం. మూడు వాక్యాల్లోనూ అతడు ఒంటరివాడే. ఒంటరితనానికి కారణం మాత్రం క్రియతో పాటు మారిపోయింది.

4.3 మాను: ఈ ధాతువు పనికి, అలవాటుకు వర్తిస్తుంది. వస్తువుకు వర్తించదు. ‘పొగతాగడం మానాడు’ అనవచ్చు గాని ‘పొలం మానాడు’ అనడం కుదరదు. పొలం విషయంలో ‘సాగు మానాడు’ అనాలి. ‘పుండు మానింది’ అన్న వాడుకలో మాను అంటే నయం కావడం. దుర్వ్యసనం మానినప్పుడు కూడా ఈ స్వస్థత తాలూకు ఛాయ కొంత వినిపించడం ఈ సామ్యం వల్లనే కావచ్చు.

4.4 లొంగు: దీనికి మూలభావం వంగడం, వశం కావడం. జబ్బు మందుకు లొంగుతుంది, మనిషి ప్రలోభానికి లొంగుతాడు. ఈ క్రియకు ఎప్పుడూ ఎదుటిపక్షం కావాలి. ఎవరికి, దేనికి అన్న ప్రశ్నకు జవాబు లేకుండా లొంగు పూర్తి కాదు. ‘గివ్ అప్’ను ‘ప్రయత్నం మానుకొను’ అన్న అర్థంలో వాడినప్పుడు ‘లొంగిపోయాడు’ అని అనువదించడం ఇందువల్లనే పొరపాటు అవుతుంది. లెక్క తేలక పలక పక్కన పెట్టిన పిల్లవాడు ఎవరికీ లొంగలేదు.

5. అనుప్రయుక్త క్రియల పాత్ర:

ధాతువు ఒక దిశను సూచిస్తే, దానికి తోడయ్యే క్రియ ఆ దిశను స్థిరపరుస్తుంది. గ్విన్, కృష్ణమూర్తి కలిసి రచించిన ఆధునిక తెలుగు వ్యాకరణం 1985లో వెలువడిన నాటి నుంచి ఈ సహాయక క్రియల వివరణ పరిశోధకులకు అందుబాటులో ఉంది. ప్రస్తుత చర్చకు నాలుగు క్రియలు ముఖ్యం.

‘వేయు’ సంపూర్తిని, తెంపును సూచిస్తుంది. ఆంగ్లంలోని ‘అప్’కు సన్నిహితంగా పనిచేసేది ఇదే. ఇచ్చేయు, మానేయు, వదిలేయు అన్నప్పుడు వెనుచూపు లేని నిర్ణయం, కొన్నిసార్లు నిర్లక్ష్యం వినిపిస్తుంది.

‘పెట్టు’ వదిలిన వస్తువు లేదా మనిషి స్థితి మీద దృష్టి నిలుపుతుంది. ‘పిట్టను వదిలిపెట్టాడు’ అంటే పిట్టకు స్వేచ్ఛ లభించిందని అర్థం. ‘పసిబిడ్డను వదిలిపెట్టి వెళ్లింది’ అంటే బిడ్డ దిక్కులేనిదైందని అర్థం.

‘పోవు’ కర్త స్థితిలో కలిగిన మార్పును చెబుతుంది. లొంగిపోవు, ఓడిపోవు, కోల్పోవు అన్న క్రియల్లో కర్త ప్రమేయం తగ్గి, జరిగిపోయినదన్న భావం పెరుగుతుంది.

‘కొను’ విషయంలో జాగ్రత్త అవసరం. సంప్రదాయ వ్యాకరణం దీన్ని ఆత్మార్థకంగా గుర్తించింది. క్రియాఫలం కర్తకే చెందుతుందని దీని భావం. దీన్ని బట్టి ‘కొను’ చేరిన ప్రతి క్రియలోనూ కర్త ఇష్టం ఉందని నిర్ణయించడం తొందరపాటు. ‘దారిలో డబ్బు పోగొట్టుకున్నాడు’ అన్న వాక్యంలో కొను ఉంది గాని ఇష్టం లేదు. అక్కడ ఉన్నది నష్టం తనదే కావడం, అజాగ్రత్త అనే స్వల్ప నింద. కాబట్టి ‘వదులుకొను’లో ఇష్టాన్ని తెచ్చేది వదులు అనే ధాతువు. ఆ పని వల్ల కలిగే లోటును కర్త మీద నిలిపేది కొను. ‘తెలిసి వదిలాడు, ఆ లోటు తానే భరించాడు’ అన్న రెండు భాగాల అర్థం ఈ ఒక్క సమ్మేళనంలో ఇమిడి ఉంది. 2015 మార్చిలో కేంద్ర ప్రభుత్వం స్తోమత గల కుటుంబాలను వంటగ్యాస్ రాయితీ ‘గివ్ ఇట్ అప్’ అని కోరినప్పుడు, తెలుగులో ‘సబ్సిడీ వదులుకోండి’ అన్న మాట సహజంగా కుదరడానికి ఈ అర్థనిర్మాణమే కారణం. ‘వదిలేయండి’ అంటే చులకన, ‘త్యజించండి’ అంటే అతి అయ్యేవి.

6. సామాజిక ప్రయోగాల్లో అర్థచ్ఛాయలు:

6.1 చదువు, ఆస్తి: ‘ఆమె చదువు మానేసింది’ అన్న వాక్యం పాఠశాల రికార్డులకు సరిపోతుంది. ఇంట్లో జరిగినది చాలా సందర్భాల్లో ‘చదువు మాన్పించారు’ అన్న వాక్యానికి దగ్గరగా ఉంటుంది. ప్రేరణార్థక రూపం లేకపోవడం వల్ల తల్లిదండ్రుల నిర్ణయం, పేదరికం, పెళ్లి ఒత్తిడి రికార్డులో కనిపించవు. బాలిక తన ఇష్టంతో బడికి దూరమైనట్లు నమోదవుతుంది.

ఆస్తి విషయంలో కూడా ఇదే స్థితి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి వర్తించిన రాష్ట్ర సవరణ, దేశవ్యాప్తంగా 2005 నాటి సవరణ హిందూ కుటుంబాల్లో కుమార్తెకు పుట్టుకతో వాటాహక్కును కల్పించాయి. ఆ తరువాత అన్నదమ్ములకు అనుకూలంగా తోబుట్టువులు చేసే హక్కు విడుదల దస్తావేజులకు కొత్త ప్రాధాన్యం వచ్చింది. అటువంటి దస్తావేజు భాషలో ఆడపడుచు తన హక్కును ‘ఇష్టపూర్వకంగా వదులుకుంటుంది’. అదే సంఘటనను ఊరివారు చెప్పేటప్పుడు ‘చెల్లెలితో సంతకం పెట్టించుకున్నారు’, ‘వాటా రాయించుకున్నారు’ అనడం పరిపాటి. దస్తావేజులో కర్త చెల్లెలు. ఊరి మాటలో కర్తలు అన్నలు. ‘రాయించుకొను’లోని ప్రేరణార్థకం ఒత్తిడిని, కొను లాభం చేరిన చోటును చూపిస్తాయి. పుట్టింటితో సంబంధం తెగకుండా ఉండడం కోసం వాటా విడిచిన స్త్రీ నిర్ణయాన్ని పూర్తిగా ఇష్టమని గాని, పూర్తిగా బలవంతమని గాని అనలేం. ఆ సంక్లిష్టతను గుర్తించాలంటే రెండు వాక్యాలనూ పక్కపక్కన చదవవలసి ఉంటుంది.

6.2 విరమణ, లొంగుబాటు: తెలంగాణ సాయుధ పోరాటంలో నేటి ఖమ్మం జిల్లా ప్రాంతం ముఖ్యమైన క్షేత్రం. అప్పటికి ఇది వరంగల్ జిల్లాలో భాగం. ఖమ్మం 1953లో ప్రత్యేక జిల్లా అయింది. 1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ ఆ పోరాటాన్ని నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది. ఆ నిర్ణయానికి చరిత్రలో స్థిరపడిన మాట ‘విరమణ’. విరమించేవాడికి కొనసాగించే శక్తి మిగిలి ఉందన్న సూచన ఈ మాటలో ఉంది. ఈ నిర్ణయాన్ని వ్యతిరేకించిన వారు దాన్ని లొంగుబాటుగా, ద్రోహంగా విమర్శించారు. సమర్థించిన వారు మారిన పరిస్థితుల్లో అనివార్యమైన అడుగుగా వివరించారు. దశాబ్దాలపాటు సాగిన ఈ సిద్ధాంత చర్చ సారమంతా విరమణ, లొంగుబాటు అనే రెండు నామవాచకాల మధ్య దూరంలో ఇమిడి ఉంది. ఆంగ్లంలో రెండింటికీ ‘గేవ్ అప్’ అనగలిగిన చరిత్రకారుడు తెలుగులో ఆ తటస్థతను నిలుపుకోలేడు.

భద్రాచలం అటవీ సరిహద్దులో నేటి మావోయిస్టు వార్తలకూ ఇది వర్తిస్తుంది. ‘లొంగిపోయారు’ అన్న మాట పోలీసుల ప్రకటన దృష్టిని, ‘ఆయుధాలు అప్పగించారు’ అన్న మాట జరిగిన పనిని, ‘జనజీవన స్రవంతిలో కలిశారు’ అన్న మాట ప్రభుత్వ ఆకాంక్షను, ‘ఉద్యమాన్ని వీడారు’ అన్న మాట సంస్థతో తెగిన సంబంధాన్ని తెలుపుతాయి. వీటిలో ఏ ఒక్కటీ పూర్తి తటస్థం కాదు. ఎంపిక అనివార్యమైనప్పుడు, తాను ఎవరి దృష్టి నుంచి చెబుతున్నాడో రచయితకు తెలిసి ఉండడం కనీస ధర్మం.

6.3 శరణాగతి: తనను తాను మరొకరికి అప్పగించుకోవడం ప్రతిసారీ ఓటమి కాదని చెప్పే సంప్రదాయం కూడా ఈ ప్రాంతానిదే. కుసుమంచికి పొరుగున ఉన్న నేలకొండపల్లి 17వ శతాబ్దికి చెందిన కంచర్ల గోపన్న జన్మస్థలం. భద్రాచల రామాలయ నిర్మాణానికి ప్రభుత్వ ధనాన్ని వినియోగించినందుకు గోల్కొండలో చెరసాల పాలైన ఆయన భద్రాచల రామదాసుగా ప్రసిద్ధుడు. ఆయన కీర్తనల్లో శరణాగతి ఉంది. దాని పక్కనే నిలదీత, నిష్ఠూరం కూడా ఉన్నాయి. రాజుకు లొంగడం, రాముణ్ణి శరణుజొచ్చడం అనేవి రెండూ తన బలాన్ని పక్కన పెట్టడమే. అయితే లొంగినవాడికి నోరు పెగలదు. శరణుజొచ్చినవాడికి ప్రశ్నించే చనువు లభిస్తుంది. ‘లొంగిపోవు’, ‘శరణుజొచ్చు’ అనే మాటలకు ‘సరెండర్’ అనే ఒకే ఆంగ్ల పదాన్ని వాడే అనువాదాల్లో ఈ చనువు జారిపోయే ప్రమాదం ఉంది. కీర్తనలోని నిష్ఠూరం అర్థం కాకపోతే భక్తి స్వరూపమే అర్థం కాదు.

6.4 భూమి, పోడు, ముంపు: అడవి అంచు గ్రామాల్లో పోడు సాగు చేసేవారు కొన్నేళ్లు పండించిన నేలను విడిచి, అది తిరిగి సారం పుంజుకునే వరకు మరోచోట సాగు చేయడం పాత పద్ధతి. మైదాన ప్రాంత రైతు కూడా సాగు చేయని భూమిని ‘పడావు పెట్టాను’ అంటాడు. పడావు పెట్టడంలో తిరిగి రావడమనే ఉద్దేశం దాగి ఉంది. ‘వదిలేశాడు’ అన్న మాటలో ఆ ఉద్దేశం లేదు. 2006 నాటి అటవీ హక్కుల గుర్తింపు చట్టం 2005 డిసెంబరు 13 నాటికి ఆ భూమి అనుభవంలో ఉండడాన్ని ప్రమాణంగా తీసుకుంది. అనుభవమే హక్కుకు ఆధారమైనప్పుడు, సాగుదారు ‘పడావు పెట్టిన’ నేలను నమోదు చేసేవారు ‘వదిలేసిన’ నేలగా రాస్తే, ఆ మాట మార్పు భాషాదోషంగా మాత్రమే మిగిలిపోదు.

పోలవరం ముంపు విషయం మరింత స్పష్టమైన ఉదాహరణ. 2014లో రాష్ట్ర విభజన సమయంలో, భద్రాచలం పట్టణాన్ని మినహాయించి, నాటి ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలకు చెందిన గ్రామాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ఈ గ్రామాల్లో కోయ, కొండరెడ్డి తదితర గిరిజనుల జనాభా గణనీయం. ప్రాజెక్టుల సందర్భంలో నిర్వాసితులను ‘భూములు త్యాగం చేసినవారు’ అని కొనియాడడం ప్రసంగాల్లో, పత్రికల్లో ఆనవాయితీ. త్యాగం అన్న మాట గౌరవాన్నిస్తుంది, అందులో సందేహం లేదు. దానితో పాటు ఇష్టాన్ని కూడా ఆపాదిస్తుంది. అడిగితే కాదనగల స్థితి ఉన్నవాడు ఇచ్చినప్పుడే అది త్యాగం. ఆ స్థితి లేనివారి విషయంలో ‘భూములు కోల్పోయారు’ అన్నది కనీస సత్యం. ‘భూములు తీసుకున్నారు’ అన్నది కర్తను కూడా చూపే సత్యం. త్యాగానికి ప్రతిఫలంగా కృతజ్ఞత చాలు. తీసుకున్నదానికి పరిహారం, పునరావాసం బాకీ పడతాయి. మాట మారితే బాధ్యత పరిమాణం మారుతుంది. అయితే నిర్వాసితులు తామే ‘మా ఊళ్లను త్యాగం చేశాం’ అని చెప్పుకున్నప్పుడు పరిస్థితి వేరు. తమ నష్టానికి విలువ కట్టమని అడగడానికి వారు ఆ మాటను ఉపయోగిస్తున్నారు. అదే మాట తీసుకున్నవారి నోట వచ్చినప్పుడు బాకీని కప్పిపుచ్చడానికి పనికివస్తుంది. కాబట్టి పర్యాయపద విచారణలో క్రియతో పాటు వక్త ఎవరన్నదీ లెక్కలోకి రావాలి.

7. జాతీయాల సాక్ష్యం:

‘ప్రయత్నం మానుకొను’ అన్న అర్థానికి తెలుగులో ఉన్న జాతీయాలు కూడా ఈ సూక్ష్మభేదాలను పాటిస్తాయి. ‘చేతులెత్తేయు’ అన్నది తన వల్ల కాదని బహిరంగంగా ఒప్పుకోవడం. వైద్యులు, పూచీ పడినవారు, పంపిణీదారులు చేతులెత్తేస్తారు. అంటే అవతల ఒకరు వారి మీద ఆధారపడి ఉండాలి. ‘చేతులు దులుపుకొను’ అన్నప్పుడు సామర్థ్యం ఉండి కూడా బాధ్యత వదిలించుకోవడం ప్రధానం. ‘కాడి కింద పడేయు’ అన్నది సాలు మధ్యలో ఆగిపోయిన సేద్యపు దృశ్యం. పని సగంలో ఉందని, జతగాడికి ఇబ్బంది కలిగిందని ఈ జాతీయం చెప్పకనే చెబుతుంది. ‘అస్త్రసన్యాసం’ పురాణ సంస్కారం గల మాట. ఆయుధం ఉండగానే దాన్ని కింద పెట్టడం ఇందులో విశేషం. ఈ నాలుగింటినీ ‘గివ్ అప్’కు ఎదురుగా ఒకే వరుసలో రాస్తే, పూచీ, ఎగవేత, జతకు ద్రోహం, విరక్తి అనే నాలుగు నైతిక స్థితులు ఒకటైపోతాయి.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలను ఈ విధంగా క్రోడీకరించవచ్చు.

1. ‘గివ్ అప్’కు తెలుగు సమానార్థకాలను నిర్ణయించేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇష్టం ఎవరిది? నష్టం ఎవరికి? తిరిగి పొందే వీలుందా? ‘వదులుకొను’లో ఇష్టం, నష్టం రెండూ కర్తవే. ‘మాన్పించు’లో ఇష్టం ఇతరులది. ‘కోల్పోవు’లో కర్తకు నష్టమే గాని ఇష్టం లేదు. ‘పడావు పెట్టు’లో తిరిగి వచ్చే వీలుంది. ‘నీళ్లొదులుకొను’లో ఆ వీలు లేదు.

2. అర్థనిర్ణయంలో ధాతువుకు ఎంత ప్రాధాన్యం ఉందో, వేయు, పెట్టు, పోవు, కొను అనే అనుప్రయుక్త క్రియలకూ అంతే ప్రాధాన్యం ఉంది. నిఘంటు ఆరోపాల్లో ఈ సమ్మేళన రూపాలను విడివిడిగా, ఉదాహరణ వాక్యాలతో చూపించడం అవసరం.

3. ‘కొను’ చేరినంత మాత్రాన కర్త ఇష్టం రుజువు కాదు. ‘వదులుకొను’, ‘పోగొట్టుకొను’ అన్న రెండు క్రియలను పోల్చితే ఈ విషయం స్పష్టం.

4. చారిత్రక, రాజకీయ సందర్భాల్లో విరమణ, లొంగుబాటు, త్యాగం, అప్పగింత అనే మాటలు వక్త పక్షాన్ని వెల్లడిస్తాయి. వీటిని పర్యాయపదాలుగా బోధించే తరగతిగదిలో ఆ పక్షాన్ని గుర్తించే శిక్షణ కూడా ఉండాలి.

ఖమ్మం ప్రాంతపు వాడుక తెలంగాణ, కోస్తా మాండలికాల సంగమస్థలంలో ఉంది. పాలేరు ఆయకట్టు రైతు మాట, అడవి అంచు పోడుదారు మాట, రిజిస్ట్రేషన్ కార్యాలయపు దస్తావేజు మాట ఒకే జిల్లాలో పక్కపక్కన వినిపిస్తాయి. ఒక్క ఆంగ్ల పదబంధానికి ఇన్ని తెలుగు మాటలుండడం నిఘంటుకారుడికి శ్రమ కలిగించవచ్చు. కానీ ముంపు గ్రామపు నిర్వాసితుడు, సంతకం పెట్టిన ఆడపడుచు, బడికి దూరమైన బాలిక తమకు జరిగినదాన్ని సరిగ్గా చెప్పుకోగలగడం ఈ భేదాల వల్లనే సాధ్యమవుతుంది. ద్విభాషా నిఘంటువులు ఈ భేదాలను నిలబెట్టినప్పుడే వారి మాట వారి అర్థంలో ఇతరులకు చేరుతుంది.